జాన్‌లుయీజీ బుఫోన్: ఒకే ఒక్క చోటులో 28 సీజన్లు

జాన్‌లుయీజీ బుఫోన్ (జననం: 1978 జనవరి 28, కరారా, ఇటలీ) ఇటలీకి చెందిన ఫుట్‌బాల్ గోల్‌కీపర్. 1995 నుంచి 2023 దాకా 28 సీజన్ల పాటు పార్మా, యువెంటస్, పారిస్ సాన్ జెర్మాన్ క్లబ్బులకు వృత్తి ఆటగాడిగా ఆడాడు. ఇటలీ జాతీయ జట్టు తరఫున 176 మ్యాచ్‌లు ఆడి ఆ దేశంలో రికార్డు నెలకొల్పాడు. 2006లో ప్రపంచ కప్ గెలిచిన జట్టుకు గోల్‌కీపర్ అతనే. ఇటలీ అగ్రశ్రేణి లీగ్ అయిన సెరీ-ఎలో 657 మ్యాచ్‌లు ఆడి పది టైటిళ్ళు గెలిచాడు. 2016లో ఆ లీగ్‌లో 974 నిమిషాల పాటు ఒక్క గోల్ కూడా పడకుండా కాచాడు. అభిమానులు అతన్ని ముద్దుగా ‘జీజీ’ అని పిలుస్తారు.

ఈ వివరాలు మాత్రమే చదివితే గోల్‌కీపర్ వృత్తి ఏమిటో అర్థం కాదు. జట్టులో దాడి చేసేవాళ్ళకు రెండు మూడు చోట్లుంటాయి. మిడ్‌ఫీల్డర్‌ను అవసరాన్నిబట్టి వెనక్కీ ముందుకీ జరపవచ్చు. గోల్‌కీపర్‌కు ఉన్నది ఒకటే చోటు. అందులో ఒకరు నిలబడితే మిగిలిన ఇద్దరు ముగ్గురు కీపర్లు ఎంత సమర్థులైనా బెంచీ మీద కూర్చోవలసిందే. మామూలుగా ఆ చోటు ఎవరికో దెబ్బ తగిలినప్పుడో, ఎవరో తప్పు చేసినప్పుడో ఖాళీ అవుతుంది. మన చేతిలోంచి జారిపోయేదీ అలాగే. బుఫోన్ జీవితంలో పెద్ద మలుపులన్నీ ఇక్కడే ఉన్నాయి. ఇతరుల గాయాల వల్ల లోపలికి వచ్చాడు, తన గాయాల వల్ల బయటికి పోయాడు, మళ్ళీ వచ్చాడు, చివరికి తానే పక్కకు తప్పుకొని కూర్చోవడం నేర్చుకున్నాడు. ఈ వృత్తిని ఆ కోణంలో చూడటానికి అతనికన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఆ పని ఎలాంటిది

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ గుర్తు గోల్ గీతకు 11 మీటర్ల దూరంలో ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తన్నిన బంతి ఆ దూరాన్ని అర సెకనులోపే దాటేస్తుంది. బంతి కదిలాక చూసి, ఆలోచించి, దూకేంత వ్యవధి మనిషికి ఉండదు. అందుకే గోల్‌కీపర్ పనిలో ఎక్కువ భాగం బంతి ఎదుటివాడి కాలిని వదలకముందే పూర్తి కావాలి. ఎక్కడ నిలబడాలి, ఎన్ని అడుగులు ముందుకొచ్చి కోణం మూయాలి, ఏ డిఫెండర్‌ను ఎటు జరగమని కేక వెయ్యాలి, క్రాస్‌కు బయటికి వెళ్ళాలా గీత మీదే ఉండాలా అన్నవన్నీ ముందే తేలిపోవాలి. పత్రికల్లో ఫొటోలకెక్కే డైవ్‌లు గొప్పవే. అయితే వాటిలో కొన్ని, మొదట నిలబడిన చోటు సరిగ్గా లేకపోవడం వల్ల అవసరమైనవి. బుఫోన్ మంచి రోజుల్లో ఆడిన చాలా మ్యాచ్‌లలో చూడటానికి ఏమీ కనిపించదు. బంతి నేరుగా అతని చేతుల్లోకి వస్తున్నట్టు ఉంటుంది. అతని పనితనం అందులోనే ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అతను వృత్తి నేర్చుకుంటున్న రోజుల్లోనే ఆ వృత్తి నియమం ఒకటి మారిపోయింది. 1992 వేసవి దాకా సొంత జట్టు ఆటగాడు కాలితో వెనక్కి పంపిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకునే వీలుండేది. ఆధిక్యంలో ఉన్న జట్లు ఈ వెసులుబాటుతో కాలయాపన చేసేవి. 1990 ప్రపంచ కప్‌లో ఆ విసుగు బాగా కనిపించింది. దాంతో ఆ పాస్‌ను చేత్తో ముట్టుకోకూడదని నిషేధించారు. అప్పటినుంచి గోల్‌కీపర్‌కు కాళ్ళు కూడా పనిముట్లయ్యాయి. బుఫోన్ వీడ్కోలు పలికే నాటికి గోల్‌కీపర్ దాదాపు పదకొండో ఫీల్డ్ ఆటగాడిలా పాస్‌లు ఇచ్చే తరం వచ్చేసింది. ఆ కొత్త కళలో జర్మనీ కీపర్ మాన్యుయెల్ నోయర్‌ది పైచేయి. బుఫోన్ బలం చివరిదాకా పాత కళలోనే ఉండిపోయింది.

కరారా నుంచి పార్మాకు

కరారా పట్టణం పాలరాతి గనులకు ప్రసిద్ధి. మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ శిల్పానికి రాయి అక్కడి కొండల నుంచే వచ్చింది. బుఫోన్ ఇంట్లో అందరూ ఆటగాళ్ళే. తల్లి డిస్కస్ త్రో అథ్లెట్, తండ్రి వెయిట్‌లిఫ్టర్, ఇద్దరు అక్కలు వాలీబాల్ క్రీడాకారిణులు. మిలాన్ క్లబ్బుకూ ఇటలీకీ గోల్‌కీపర్‌గా ఆడిన లొరెంజో బుఫోన్ ఈ కుటుంబానికి దూరపు బంధువు. ఇంత వారసత్వం ఉన్నా పిల్లవాడు మొదట గోల్‌కీపర్ కాదు, మిడ్‌ఫీల్డర్.

అతని మనసు మార్చింది కామెరూన్. 1990 జూన్ 8న మిలాన్‌లో ప్రపంచ కప్ ఆరంభ మ్యాచ్ జరిగింది. డిఫెండింగ్ ఛాంపియన్ అర్జెంటీనాను కామెరూన్ 1–0తో ఓడించింది. ఆ జట్టు గోల్‌లో తోమా ఎన్‌కోనో ఉన్నాడు. క్వార్టర్ ఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టుగా కామెరూన్ ఆ టోర్నీని ముగించింది. టీవీలో ఎన్‌కోనోను చూసిన పన్నెండేళ్ళ బుఫోన్ తన చోటు అదేనని తేల్చుకున్నాడు. ఆ అభిమానం ఎంత గట్టిదంటే, ఏళ్ళ తర్వాత తన పెద్ద కొడుక్కి లూయీ థామస్ అని ఎన్‌కోనో పేరు కలిపి పెట్టుకున్నాడు.

ఇలా వేరే చోటు నుంచి గోల్‌లోకి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ కూడా సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలుపెట్టి గోల్‌కీపర్ అయ్యాడు. 1956, 1960 ఒలింపిక్స్‌లకు వెళ్ళాడు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన భారత జట్టులోనూ ఉన్నాడు. బంతిని గోల్‌లోకి కొట్టాలనుకునేవాడి మనసెలా ఉంటుందో తెలిసినవాడికి దాన్ని ఆపడంలో కొంత అనుకూలత ఉంటుంది.

1991లో, పదమూడేళ్ళ వయసులో, బుఫోన్ పార్మా క్లబ్బు యువ జట్టులో చేరాడు. పాల ఉత్పత్తుల కంపెనీ పార్మలాత్ డబ్బుతో ఆ చిన్న నగరపు జట్టు అప్పుడు యూరప్‌లో పెద్ద జట్లతో తలపడుతోంది. 1995 నవంబరులో మొదటి గోల్‌కీపర్ లూకా బుచ్చి గాయపడ్డాడు. అనుభవమున్న రెండో కీపర్ అందుబాటులో ఉన్నా, ఆ వారం సాధనలో కుర్రవాడు చూపిన తీరుకు ముగ్ధుడైన కోచ్ నెవియో స్కాలా అతన్నే దించాడు. నవంబరు 19న ఎదురుగా వచ్చింది మిలాన్. దాడిలో జార్జ్ వేయా, రాబర్టో బాజ్జో ఉన్నారు. పదిహేడేళ్ళ బుఫోన్ గోల్ ఇవ్వలేదు. మ్యాచ్ 0–0తో ముగిసింది.

జాతీయ జట్టులోకి వచ్చిన తీరూ అంతే. 1997 అక్టోబరు 29న మాస్కోలో, మంచు కురుస్తున్న మైదానంలో, రష్యాతో ప్రపంచ కప్ ప్లేఆఫ్ మ్యాచ్ మధ్యలో జాన్‌లూకా పల్యూకా గాయపడ్డాడు. అప్పుడు పందొమ్మిదేళ్ళ బుఫోన్‌ను పంపారు. మ్యాచ్ 1–1తో ముగిసింది. ఆ మరుసటి ఏడాది ఫ్రాన్స్ ప్రపంచ కప్‌కు కూడా వెళ్ళాడు. అక్కడ మాత్రం ఒక్క నిమిషమైనా ఆడలేదు. పల్యూకా కోలుకున్నాడు, ఆ చోటు అతనిది.

పార్మాలో కుర్రతనమూ ఉంది. ఇంటర్ మిలాన్ ఆటగాడు రొనాల్డో పెనాల్టీని ఆపి, చొక్కా కింద వేసుకున్న సూపర్‌మ్యాన్ టీషర్టు చూపించాడు. 2000లో 88 నంబరు జెర్సీ ఎంచుకున్నాడు. నయా నాజీలు దాన్ని హిట్లర్‌కు వందనంగా వాడతారని ఇటలీలోని యూదులు అభ్యంతరం చెప్పారు. ఆ అర్థం తనకు తెలియదని చెప్పి నంబరును 77కు మార్చుకున్నాడు. లిలియాన్ తురామ్, ఫాబియో కన్నవారో ముందు నిలబడ్డ ఆ డిఫెన్సుతో 1999లో పార్మా కోపా ఇటాలియా గెలిచింది. అదే ఏడాది మే నెలలో మాస్కోలో మార్సెయ్‌ను 3–0తో ఓడించి యుఈఎఫ్ఏ కప్పు కూడా పట్టుకుంది. ఆ మూడు గోల్స్‌లో ఒకటి కొట్టింది ఎన్రికో కియేజా. ఆ ఇంటిపేరును పాఠకులు గుర్తుంచుకోవాలి.

గోల్‌కీపర్ ధర

2001 వేసవిలో యువెంటస్ తన తార జినెదిన్ జిదాన్‌ను రియల్ మాడ్రిడ్‌కు అమ్మింది. ఆ డబ్బుతో తురామ్, పావెల్ నెద్వెద్, బుఫోన్‌లను కొనుక్కుంది. బుఫోన్ కోసం దాదాపు 5.2 కోట్ల యూరోలు చెల్లించింది. గోల్‌కీపర్‌కు అంత ధర అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. ఆ తర్వాత పదిహేడేళ్ళ దాకా కూడా ఎవరూ ఇవ్వలేదు. ఫార్వర్డ్ ఆటగాళ్ళ ధర రికార్డు ఈ కాలంలో ఎన్నోసార్లు బద్దలైంది. గోల్‌కీపర్ ధర మాత్రం 2018లో ఆలిసన్ లివర్‌పూల్‌కు, కొద్ది వారాలకే కేపా చెల్సీకి వెళ్ళినప్పుడు కదిలింది.

కారణం ఊహించవచ్చు. కొట్టిన గోల్ లెక్కకు వస్తుంది, పడకుండా ఆగిన గోల్ ఎవరి ఖాతాలోనూ చేరదు. పైగా ఒక క్లబ్బుకు మంచి గోల్‌కీపర్ ఒకరు దొరికితే పదేళ్ళు మరొకరి అవసరం ఉండదు. బుఫోన్ విషయంలో ఆ లెక్క మరీ ఎక్కువగా నిజమైంది. పదిహేడేళ్ళ మొదటి విడత, తర్వాత రెండేళ్ళ రెండో విడత కలిపి అతను యువెంటస్‌కు 685 మ్యాచ్‌లు ఆడాడు. ఒక్కో మ్యాచ్‌కు ఎంత పడిందో లెక్కేస్తే ఆ రోజుల్లో విపరీతమనిపించిన ధర, ఫుట్‌బాల్ చరిత్రలోని చవకైన కొనుగోళ్ళలో ఒకటిగా తేలుతుంది.

మొదటి సీజన్‌లోనే టైటిల్ వచ్చింది. 2002 మే 5న, చివరి రోజున, ఇంటర్ ఓడిపోవడంతో యువెంటస్ ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాది కూడా గెలిచింది. మధ్యలో 2002 ప్రపంచ కప్‌లో దక్షిణ కొరియాపై ఆన్ జంగ్‌హ్వాన్ పెనాల్టీని బుఫోన్ ఆపాడు. అదే ఆన్, అదే మ్యాచ్ అదనపు సమయంలో తలతో కొట్టిన గోల్డెన్ గోల్‌తో ఇటలీని ఇంటికి పంపాడు. ఒక ఆటగాణ్ణి ఒకసారి ఆపినంత మాత్రాన ఆ సాయంత్రానికి పని అయిపోదు.

చీకటి నెలలు

2003 మే నెలలో మాంచెస్టర్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ జరిగింది. యువెంటస్, మిలాన్ రెండూ ఇటలీ జట్లే. గోల్ లేకుండా రెండు గంటలు గడిచి షూటౌట్‌కు వెళ్ళింది. బుఫోన్ రెండు పెనాల్టీలు ఆపాడు. తన జట్టువాళ్ళు కొట్టిన మూడింటిని మిలాన్ గోల్‌కీపర్ దీదా ఆపేశాడు. ఆ సీజన్‌కు యూరప్ క్లబ్ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం బుఫోన్‌కే దక్కింది. ఓ గోల్‌కీపర్‌కు ఆ గౌరవం అరుదు. కప్పు మాత్రం రాలేదు.

ఆ ఏడాది చివర్లో అతనికి దిగులు పట్టుకుంది. 2003 డిసెంబరు నుంచి 2004 జూన్ దాకా డిప్రెషన్‌తో బాధపడ్డానని, సైకాలజిస్టు సాయం తీసుకున్నానని 2008లో వచ్చిన ఆత్మకథలో రాశాడు. పేరు, డబ్బు, ఆరోగ్యం, పాతికేళ్ళ వయసు అన్నీ ఉన్నా కాళ్ళు వణికేవనీ, దేనికోసం ఆడుతున్నానో అర్థమయ్యేది కాదనీ ఆ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. 2019లో పదిహేడేళ్ళ తనను ఉద్దేశించి రాసిన బహిరంగ లేఖలో ఒక సంఘటన ఉంది. ఆ రోజుల్లో తురిన్‌లోని ఓ చిత్ర ప్రదర్శనకు వెళ్ళాడు. అక్కడ మార్క్ షగాల్ గీసిన బొమ్మ ఒకటి చూశాడు. అందులో పార్కులో నిలబడ్డ మగమనిషి చెయ్యి పట్టుకొని ఒక స్త్రీ గాల్లోకి తేలిపోతూ ఉంటుంది. ఆ బొమ్మలోని పసిపిల్లల సంతోషం తనలో ఏదో కదిలించిందనీ, మర్నాడు దాన్ని చూడటానికే మళ్ళీ వెళ్ళాననీ రాశాడు.

ఈ విషయం ప్రస్తావించడానికి బలమైన కారణం ఉంది. గోల్‌కీపర్ తొంభై నిమిషాల్లో చాలాసేపు ఒంటరిగా ఉంటాడు. ఫార్వర్డ్ మూడు అవకాశాలు పోగొట్టి నాలుగోది కొడితే హీరో అవుతాడు. గోల్‌కీపర్ పది ఆపి పదకొండోది వదిలితే మర్నాటి పత్రికలో ఆ పదకొండోదే కనిపిస్తుంది. ఈ బరువు మోసేవాళ్ళు దాని గురించి మాట్లాడకపోవడమే మగతనమని ఆ తరం ఫుట్‌బాల్ అనుకునేది. ఆటలో అత్యున్నత స్థానంలో ఉన్నవాడు పేరు పెట్టి తన జబ్బును బయటికి చెప్పడం తర్వాతి తరానికి చేసిన సాయం. బుఫోన్ ఆపిన ఏ పెనాల్టీకన్నా అది తక్కువది కాదు.

బెర్లిన్, ఆ తర్వాత రిమిని

2006 ప్రపంచ కప్‌లో ఇటలీ ఏడు మ్యాచ్‌లు ఆడింది. బుఫోన్‌ను దాటి వలలోకి వెళ్ళినవి రెండే గోల్స్. ఒకటి అమెరికా మీద సొంత డిఫెండర్ జక్కార్డో పొరపాటున తన్నినది. రెండోది జూలై 9న బెర్లిన్ ఫైనల్‌లో, ఏడో నిమిషంలో జిదాన్ మెల్లగా ఎత్తి వేసిన పెనాల్టీ. అది క్రాస్‌బార్ అడుగుభాగాన్ని తాకి గీత దాటింది. అంటే ఆడుతున్న ఆటలో ప్రత్యర్థి ఆటగాడు కొట్టిన గోల్ ఆ నెలంతా ఒక్కటి కూడా లేదు.

ఫైనల్‌లో అసలు ఘట్టం 104వ నిమిషం. జిదాన్ దగ్గర్నుంచి తలతో బలంగా కొట్టాడు. బుఫోన్ కుడిచెయ్యి పైకి లేపి బంతిని బార్ మీదుగా నెట్టేశాడు. మరికొద్ది నిమిషాలకే జిదాన్ ఇటలీ డిఫెండర్ మాటెరాజ్జి ఛాతీని తలతో ఢీకొట్టి రెడ్ కార్డుతో వెళ్ళిపోయాడు. లోకమంతా ఆ తలదెబ్బనే గుర్తుపెట్టుకుంది, దానికి ముందు వచ్చిన ఆ సేవ్‌ను మరిచిపోయింది. బంతి ఒక అడుగు పక్కకు వెళ్ళి ఉంటే కప్పు ఫ్రాన్స్‌దే కావచ్చు. షూటౌట్‌లో ఇటలీ 5–3తో గెలిచింది. బుఫోన్ అందులో ఒక్కటీ ఆపలేదు. ఫ్రాన్స్ తరఫున దావీద్ త్రెజెగే కొట్టింది బార్‌కు తగిలి బయటికొచ్చింది. ఉత్తమ గోల్‌కీపర్‌కిచ్చే లెవ్ యాషిన్ పురస్కారం బుఫోన్‌కు వచ్చింది. ఆ ఏడాది బాలన్ డోర్‌లో కన్నవారో తర్వాత రెండో స్థానం దక్కింది. ఆ పురస్కారాన్ని గెలిచిన గోల్‌కీపర్ ఇప్పటికీ 1963 నాటి యాషిన్ ఒక్కడే.

అదే వేసవిలో ఇటలీ ఫుట్‌బాల్‌ను రిఫరీల నియామకాల కుంభకోణం కుదిపేసింది. యువెంటస్ రెండు టైటిళ్ళు కోల్పోయింది. తన చరిత్రలో మొదటిసారి రెండో శ్రేణి లీగ్ సెరీ-బికి దిగిపోయింది. అదీ పాయింట్ల కోతతో. మొదట 30 పాయింట్లు తగ్గించారు, అప్పీళ్ళ తర్వాత దాన్ని 9కి కుదించారు. కన్నవారో మాడ్రిడ్ వెళ్ళాడు. ఇబ్రహిమోవిచ్, వియెరా ఇంటర్‌కు, తురామ్, జాంబ్రోత్తా బార్సిలోనాకు వెళ్ళిపోయారు. ప్రపంచంలోని ఏ క్లబ్బయినా బుఫోన్‌ను తీసుకోవడానికి సిద్ధంగా ఉంది. అతను వెళ్ళలేదు. దెల్ పియెరో, నెద్వెద్, కామొరనేసి, బెర్లిన్‌లో బార్‌కు కొట్టిన త్రెజెగే కూడా ఉండిపోయారు.

బెర్లిన్ ఫైనల్‌కు సరిగ్గా రెండు నెలలకు, సెప్టెంబరు 9న, అడ్రియాటిక్ తీరపు రిమిని పట్టణంలోని చిన్న స్టేడియంలో ప్రపంచ ఛాంపియన్ గోల్‌కీపర్ సెరీ-బి మొదటి మ్యాచ్ ఆడాడు. స్కోరు 1–1. ఒక ఏడాది వయసు, ఒక ఏడాది ఛాంపియన్స్ లీగ్, బాలన్ డోర్ గెలిచే అవకాశం, ఇవన్నీ వదులుకున్నాడని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. నిజమే. ఆ సీజన్ చివర యువెంటస్ మొదటి స్థానంలో నిలిచి పైకి వచ్చింది. అతని ట్రోఫీల్లో అది అన్నింటికన్నా చిన్నదే. కానీ క్లబ్బు నగరం తురిన్ అతన్ని తనవాడిగా చూసింది ఆ సంవత్సరం నుంచే.

గాయాలు, పక్కవాళ్ళు

గోల్‌కీపర్ వృత్తిలో గాయానికి రెండు ముఖాలుంటాయి. 2000 యూరో కప్‌కు కొద్ది రోజుల ముందు నార్వేతో సన్నాహక మ్యాచ్‌లో బుఫోన్ చెయ్యి విరిగింది. అతని బదులు వచ్చిన ఫ్రాన్సెస్కో తోల్దో నెదర్లాండ్స్‌తో సెమీఫైనల్‌లో ఆటలో ఒక పెనాల్టీ, షూటౌట్‌లో మరో రెండు ఆపి దేశపు హీరో అయ్యాడు. తర్వాత బుఫోన్ కోలుకోగానే తోల్దో మళ్ళీ బెంచీకి వెళ్ళాడు. 2005 ఆగస్టులో మిలాన్‌తో స్నేహపూర్వక మ్యాచ్‌లో కకాను ఢీకొని బుఫోన్ భుజం తొలగింది. మిలాన్ తన గోల్‌కీపర్ అబ్బియాతిని యువెంటస్‌కు అప్పుగా పంపింది. పోటీ జట్టు ఇలా చెయ్యడం చెప్పుకోదగ్గ మర్యాద. 2010 ప్రపంచ కప్ మొదటి మ్యాచ్‌లో పరాగ్వేపై సగం ఆటకే నడుం పట్టేసింది. ఆపరేషన్ అయ్యాక ఆరు నెలలకు పైగా ఆడలేదు. ముప్పై రెండేళ్ళవాడు ఇక పాత బుఫోన్ కాలేడని చాలామంది అప్పుడే తేల్చేశారు.

వాళ్ళ లెక్క తప్పింది. 2011–12లో కోచ్ ఆంటోనియో కాంటే కింద యువెంటస్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిచింది. ఆ తర్వాత బుఫోన్ కెప్టెన్‌గా వరసగా మరో ఆరు టైటిళ్ళు వచ్చాయి. గోల్‌కీపర్లు ముప్పైల్లో మెరుగుపడటం కొత్త కాదు. దీనో జోఫ్ నలభై ఏళ్ళ వయసులో, 1982లో, కెప్టెన్‌గా ఇటలీకి ప్రపంచ కప్ తెచ్చాడు. కాళ్ళ చురుకు తగ్గుతున్నకొద్దీ ముందుచూపు పెరుగుతుంది. ఈ వృత్తిలో రెండోదే ఎక్కువ కాలం అక్కరకొస్తుంది.

974 నిమిషాలు

2015–16 సీజన్ మొదటి పది మ్యాచ్‌ల్లో యువెంటస్ మూడే గెలిచింది. సాసువోలో చేతిలో ఓడిన రోజు కెప్టెన్ జట్టు తీరును బహిరంగంగా తప్పుపట్టాడు. తర్వాత ఆట మారింది. ఆంద్రెయా బర్జాల్యి, లియొనార్డో బొనుచ్చి, జార్జియో కియెల్లిని ముగ్గురూ ముందు, బుఫోన్ వెనక. జనవరి నుంచి మార్చి దాకా వరసగా పది లీగ్ మ్యాచ్‌ల్లో గోల్ పడలేదు. 1993–94లో మిలాన్ గోల్‌కీపర్ సెబాస్తియానో రోస్సి నెలకొల్పిన 929 నిమిషాల రికార్డును మార్చి 20న టొరీనో మీద దాటాడు. అదే మ్యాచ్ రెండో అర్ధభాగంలో బెలొత్తి పెనాల్టీతో పరంపర ఆగింది. లెక్క 974 దగ్గర నిలిచింది. ఆ సీజన్ టైటిల్ యువెంటస్‌దే.

ఈ అంకెను బుఫోన్ ఒక్కడి ఖాతాలో రాయడం సరికాదు, అతనూ అలా రాసుకోలేదు. ముందున్న ముగ్గురు డిఫెండర్లు లేకపోతే ఈ రికార్డు లేదు. ఆ ముగ్గురికి ధైర్యం ఇచ్చింది మాత్రం వెనకున్నవాడే. వెనక ఎవరున్నారో తెలిసిన డిఫెండర్ తొందరపడి కాలు పెట్టడు.

అందని కప్పు

ఛాంపియన్స్ లీగ్ అతనికి దక్కలేదు. 2003 తర్వాత 2015లో బార్సిలోనా చేతిలో 3–1తో, 2017లో రియల్ మాడ్రిడ్ చేతిలో 4–1తో ఫైనల్స్ ఓడిపోయాడు. 2018 ఏప్రిల్‌లో మాడ్రిడ్‌లో, మొదటి మ్యాచ్ 0–3తో ఓడి వచ్చిన యువెంటస్ మూడు గోల్స్ కొట్టి లెక్క సమం చేసింది. ఆట చివర అదనంగా ఇచ్చిన నిమిషాల్లో రిఫరీ మాడ్రిడ్‌కు పెనాల్టీ ఇచ్చాడు. బుఫోన్ అతని మీదికి వెళ్ళి వాదించి రెడ్ కార్డుతో బయటికొచ్చాడు. బదులుగా వచ్చిన షెస్నీ మీద క్రిస్టియానో రొనాల్డో గోల్ కొట్టాడు. తర్వాత రిఫరీ గురించి చాలా కటువుగా మాట్లాడినందుకు బుఫోన్‌పై మూడు మ్యాచ్‌ల నిషేధం పడింది. ఆ మాటలకు తర్వాత విచారం వెలిబుచ్చాడు. పెనాల్టీ సంగతి ఎలా ఉన్నా, నలభై ఏళ్ళ కెప్టెన్ ఆ నిమిషంలో గోల్‌లో ఉండాల్సింది. అది అతని తప్పే.

అంతకు అయిదు నెలల ముందు, 2017 నవంబరు 13న మిలాన్‌లో, స్వీడన్‌తో 0–0తో ముగిసిన ప్లేఆఫ్ రెండో మ్యాచ్‌తో ఇటలీ 1958 తర్వాత మొదటిసారి ప్రపంచ కప్‌కు దూరమైంది. మ్యాచ్‌కు ముందు జనం స్వీడన్ జాతీయ గీతానికి ఈలలు వేస్తుంటే బుఫోన్ చప్పట్లు కొట్టాడు. చివరి నిమిషాల్లో కార్నర్ కోసం ఎదుటి బాక్సులోకి పరుగెత్తాడు. తర్వాత టీవీ కెమెరా ముందు ఏడ్చాడు. 1998 నుంచి అయిదు ప్రపంచ కప్‌ల జట్లలో ఉన్నవాడికి ఆరోది రాలేదు.

చివరి అంచె

ఆ చోటును ఇంకొకరికి అప్పగించడం అప్పటికే మొదలైంది. 2016 సెప్టెంబరు 1న ఫ్రాన్స్‌తో మ్యాచ్ మధ్య విరామంలో బుఫోన్ స్థానంలో పదిహేడేళ్ళ జాన్‌లుయీజీ దొన్నరుమ్మ ఇటలీకి తొలి మ్యాచ్ ఆడాడు. యువెంటస్‌లో షెస్నీ ఎదిగివచ్చాడు. 2018లో బుఫోన్ పారిస్ వెళ్ళాడు. అక్కడ కోచ్ అతన్నీ అల్ఫోన్స్ అరెయోలానూ మార్చి మార్చి ఆడించాడు. ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి చోటు పంచుకోవలసి వచ్చింది. 2019 మార్చిలో మాంచెస్టర్ యునైటెడ్‌పై అతను పట్టు జారవిడిచిన బంతిని లుకాకు గోల్‌గా మలిచాడు, పారిస్ ఛాంపియన్స్ లీగ్ నుంచి వైదొలిగింది. లీగ్ టైటిల్ మాత్రం గెలిచింది.

ఆ వేసవిలో రెండో గోల్‌కీపర్‌గా యువెంటస్‌కు తిరిగొచ్చాడు. ఒకటో నంబరు జెర్సీ ఇస్తానని షెస్నీ, కెప్టెన్సీ ఇస్తానని కియెల్లిని అన్నారు. ఎవరి దగ్గరా ఏదీ తీసుకోవడానికి రాలేదని చెప్పి, పార్మా రోజుల 77 నంబరు తొడుక్కున్నాడు. ఈ ఆటలో ఇంత పెద్దవాడు ఇంత ఇష్టంగా బెంచీ మీద కూర్చున్న సందర్భాలు చాలా తక్కువ. 2020 జూలై 4న టొరీనోపై సెరీ-ఎలో 648వ మ్యాచ్ ఆడి పావొలో మల్దీని రికార్డును దాటాడు. 2021 మేలో అటలాంటాపై కోపా ఇటాలియా ఫైనల్‌లో అతన్నే ఆడించారు. యువెంటస్ 2–1తో గెలిచింది. గెలుపు గోల్ కొట్టినవాడు ఫెదెరికో కియేజా, 1999లో పార్మాలో బుఫోన్‌తో కలిసి ఆడిన ఎన్రికో కియేజా కొడుకు.

ఆ వేసవిలో బుఫోన్ పార్మాకు వెళ్ళాడు. 2015లో దివాలా తీసి నాలుగో శ్రేణి నుంచి మళ్ళీ పైకొచ్చిన ఆ క్లబ్బు అప్పుడే సెరీ-బికి పడిపోయింది. అక్కడ రెండు సీజన్లు ఆడాడు. 2023 ఆగస్టు 2న, నలభై అయిదేళ్ళ వయసులో, ఆట ముగించినట్టు ప్రకటించాడు. కొద్ది రోజులకే ఇటలీ జాతీయ జట్టు ప్రతినిధి బృందానికి అధిపతిగా నియమితుడయ్యాడు. ఆ ఏడాది జనవరిలో జాన్‌లూకా వియల్లి చనిపోయినప్పటి నుంచి అప్పటిదాకా ఆ పదవి ఖాళీగా ఉండిపోయింది.